పై మంచం సర్కారు, కింది మంచం ప్రతిపక్షం

నాకు చేతిరాత తప్ప గొప్పగా చెప్పుకోవడానికి మరేమీ లేని కాలం ఒకటుండేది. ఇంటర్ తప్పి, బహరేన్ వచ్చి, సల్మాబాద్ లేబర్ క్యాంపులో ఆరుగురు పడుకునే గదిలో ఒక మంచం సంపాదించుకున్న రోజులవి. (మా అమ్మ ఇప్పటికీ నేను దుబాయిలో ఉన్నాననే అందరికీ చెబుతుంది. బహరేన్ అని ఎన్నిసార్లు చెప్పినా "అదే లేరా, దుబాయిలనే గదా" అంటుంది.) పొద్దున్నే కంపెనీ బస్సెక్కి బుసైతీన్‌లో కడుతున్న బిల్డింగు దగ్గర దిగి ప్లైవుడ్ షీట్లు మోసేవాణ్ని. ఇరవై నాలుగేళ్ళ ఆ వయసులో నేనొక తిరుగుబాటు పత్రికకు సబ్ ఎడిటర్‌నని ఇప్పుడు చెబితే మా పిల్లలు నమ్మరు. వాళ్ళు చూసే నాన్న, ఇంటికి వచ్చిన కరెంటు బిల్లు తప్పని తెలిసినా ఫోన్ చేసి అడగడానికి మొహమాటపడే మనిషి.

ఆ పత్రిక నాది కాదు, లీడర్ కాకది. కాక మా పక్క ఊరివాడు, షట్టరింగ్ కార్పెంటర్, నాలుగో తరగతి దాకా చదివాడు. ఊళ్ళో వార్డు మెంబరుకు రెండుసార్లు నిలబడి రెండుసార్లూ ఓడిపోయాడు. "ఓడినోడు ఇంట్ల కూసుంటడారా? ప్రతిపక్షంల కూసుంటడు" అనేవాడు. సముద్రం దాటి వచ్చినా ఆ పదవికి రాజీనామా ఇవ్వలేదు. విచిత్రం ఏమిటంటే, క్యాంపు బాసు అతనికిచ్చింది కింది మంచం, దాని పై మంచం ఇచ్చింది అదే ఊరి సర్పంచ్ గారి బామ్మర్దికి. అతన్ని మేమంతా సర్కారు అని పిలిచేవాళ్ళం. అలా ఒకే ఇనప మంచానికి పైన ప్రభుత్వమూ కింద ప్రతిపక్షమూ పడుకునేవి. సర్కారు అటు నుంచి ఇటు దొర్లితే కాక మొహం మీద తుప్పు రాలేది. కాక లేచి కూర్చుని, కళ్ళు తుడుచుకుని, "సూసిన్రా, అధికారంల ఉన్నోడు కదిలితే కింద ఉన్నోని కండ్లల్ల దుమ్మే పడ్తది" అని మాకు రాజకీయం చెప్పేవాడు. అయితే ఇద్దరూ తినేది ఒకే గిన్నెలో. సర్కారుకు జ్వరమొస్తే గంజి కాచి పోసేది కాకే. (అది తాగి కాస్త ఓపిక రాగానే సర్కారు మళ్ళీ వాదనకు దిగేవాడు.)

పత్రిక పేరు "నిలదీత". శుక్రవారం శుక్రవారం వచ్చేది. సిమెంటు సంచి లోపలి పొర దులిపి, ఇస్త్రీ పెట్టెతో చదును చేసి, దాని మీద నీలం మార్కరుతో రాసి, కాక బట్టల బీరువా తలుపుకు అంటించేవాళ్ళం. ఒక్కటే ప్రతి. మొదటి రోజే కాక ఒక నియమం పెట్టాడు. "పరాయి గడ్డ మీద ఉన్నం. ఈ దేశం ముచ్చట, కంపెనీ ముచ్చట, వీసా ఇచ్చిన కఫీల్ ముచ్చట మనకొద్దు. మన సర్పంచ్‌ను మనం తిట్టుకుందాం." ఆ విధంగా సల్మాబాద్‌లో వెలువడే ఆ పత్రిక ఒక సముద్రం అవతల ఉన్న ఊరి మురికి కాలువ మీద, వెలగని వీధి దీపాల మీద, కట్టి ఏడాదైనా చుక్క నీరు పడని వాటర్ ట్యాంకు మీద నిప్పులు చెరిగేది. కాక దగ్గర ఉన్నది బటన్ల ఫోను. అందుకని పత్రికను ఊరికి చేర్చే బాధ్యత ప్రభుత్వమే తీసుకుంది. సర్కారు ప్రతి శుక్రవారం పై మంచం దిగి, సాక్ష్యం కోసమని ఆ కాగితాన్ని ఫొటో తీసి, "బావా, వీడేం రాసిండో సూడు" అని పంపేవాడు. సర్పంచ్ గారు కోపంతో దాన్ని పదిమందికి పంపేవారు. ఆ పదిమంది నవ్వుకుంటూ మిగతా ఊరికి పంపేవారు. అంత నమ్మకంగా పంపిణీ చేసే ఏజెంట్లు ఏ పత్రికకూ దొరికి ఉండరు.

ఇక రాత నాది. ఎండాకాలంలో మధ్యాహ్నం పూట బయట పని ఆపేస్తారు కదా, ఆ గంటల్లో అందరూ నీడన నడుం వాలిస్తే మేమిద్దరం ప్లైవుడ్ దొంతుల వెనక కూర్చునేవాళ్ళం. కాక చెప్పేవాడు, నేను రాసేవాణ్ని. చెప్పింది చెప్పినట్టు రాసి ఊరుకుంటే బాగానే ఉండేది. కానీ నాకు సాహిత్యం మీద అభిమానం ఎక్కువ. కాక "ట్యాంకుల నీళ్ళు లెవ్వు" అంటే నేను "నిద్రమత్తు వదలని చేతగాని పాలకుడా, నీ ట్యాంకు ఎండింది, నీ మాటలు మాత్రం పొంగి పొర్లుతున్నాయి" అని రాసేవాణ్ని. కాక చదివించుకుని, కాసేపు ఆలోచించి, "నేను గిట్లన్ననారా?" అని అడిగి, "అన్నట్టే ఉంది, ఉండనియ్" అనేవాడు. రాసేది నేనన్న సంగతి మా ఇద్దరికే తెలుసు. సర్కారు డ్యూటీ రిఫాలో, వేరే సైటు. ఊరి జనమంతా కాక దుబాయి పోయి రాత నేర్చుకున్నాడని, అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయని మెచ్చుకుంటున్నారని సర్కారే ఏడుపు మొహంతో చెబుతుంటే, నేను అటు తిరిగి బట్టలు మడతపెడుతూ లోలోపల పొంగిపోయేవాణ్ని.

ఆ చేతిరాతే నాకు సైటులో టైమ్‌కీపర్ ఉద్యోగం ఇప్పించింది. షీట్లు మోయడం పోయి హాజరు రాయడం వచ్చింది. ఒక శుక్రవారం సర్కారు నా మంచం మీద వచ్చి కూర్చున్నాడు. "తమ్మీ, మా అక్క బిడ్డ ఉంది. డిగ్రీ అయింది. నీ గురించి మా బావకు జెప్పిన. నిదానస్తుడు, ఎవ్వని జోలికి పోడు అన్న" అని ఫోన్లో ఫొటో చూపించాడు. ఆ ఫొటోలో అమ్మాయి ఎవరి మీదో విసుక్కుంటున్నట్టు చూస్తోంది. ఆ చూపు నాకెంతో నచ్చింది. నచ్చిన తర్వాత గుర్తొచ్చింది, సర్కారు అక్కయ్యంటే సర్పంచ్ గారి భార్య. అంటే నేను తొమ్మిది వారాలుగా నిద్రమత్తు వదలని చేతగాని పాలకుడు అంటున్నది ఆ అమ్మాయి తండ్రిని.

అంతటితో మానేశానా అంటే, ధైర్యం చాలలేదు. కాకతో చెప్పడానికీ ధైర్యం చాలలేదు. రాస్తూనే, విశేషణాలు తగ్గించుకుంటూ వచ్చాను. పదో సంచికలో చేతగాని పాలకుడు పోయి "మన సర్పంచ్" అయ్యాడు. పదకొండులో "గౌరవనీయులైన సర్పంచ్ గారికి పనుల ఒత్తిడి వల్ల వీలు కాలేదు కాబోలు" అని రాశాను. కాక మార్కరు నా చేతిలోంచి తీసుకుని నా మొహంలోకి చూశాడు. "ఏందిరా, మెత్తవడ్డవ్?" అన్నాడు. ఎండ వల్ల అన్నాను.

అసలు బుద్ధి తక్కువ పని ఇంకోటి చేశాను. సర్పంచ్ గారు బయోడేటా అడిగారని సర్కారు చెప్పగానే, చక్కగా అచ్చు కొట్టించకుండా, అమ్మాయి చూస్తుంది కదా అన్న ఆశతో, తెల్ల కాగితం మీద ఆ నీలం మార్కరుతోనే, నాకున్న కళంతా ప్రదర్శిస్తూ రాసి ఇచ్చాను. సర్కారు దాన్ని ఫొటో తీసి పంపాడు. ఆ వెనకే, అలవాటు ప్రకారం, ఆ వారం "నిలదీత" కూడా ఫొటో తీసి పంపాడు. సర్పంచ్ గారి ఫోన్లో రెండు బొమ్మలూ ఒకదాని కింద ఒకటి పడ్డాయి. సాయంత్రానికల్లా సర్కారు వచ్చి, "తమ్మీ, రెండు రాతలు ఒక్కతీర్గ ఉన్నయేందని అడుగుతాండు బావ" అన్నాడు. ఒకే బడి రాతలు అలాగే ఉంటాయని ఏదో గొణిగాను. సర్కారు నమ్మాడు (మంచివాడు కాబట్టి నమ్మాడు). బావ నమ్మలేదట. "లీవుల వచ్చినంక ఇంటికి తోలు, ఎదురుంగనే తేల్చుకుంట" అన్నాడట. నాకు లీవు అప్పటికే మంజూరై ఉంది, నెల తర్వాత ప్రయాణం. ఇంట్లో అమ్మ ఈ సంబంధం ఖాయమన్నట్టే చుట్టాలందరికీ చెప్పుకుంటోంది.

మర్నాడు ప్లైవుడ్ దొంతుల వెనక కాకకు అంతా చెప్పేశాను. తిడతాడనుకున్నాను. తిట్టలేదు. చెక్క మీద పెన్సిలుతో గీతలు గీస్తూ కూర్చుని, చివరికి, "పిల్ల మంచిదేరా. తండ్రి తీరు గాదు" అన్నాడు. ఒక్క వివరణ వేద్దాం కాకా, అన్నీ నువ్వే రాశావని వేద్దాం అన్నాను. "నేను రాసిన్నంటే వాడు నమ్ముతడా? నా సంతకం జూసిండు వాడు, నామినేషన్ కాయితం మీద" అన్నాడు. నిజమే, కాక సంతకం చేస్తే పేపరుకు చిల్లు పడేది. ఆ శుక్రవారం "నిలదీత" రాలేదు. ఆ పై వారమూ రాలేదు. సర్కారు పై మంచం మీద నుంచి తొంగి చూసి, "ఏమాయె కాకా, పానం మంచిగ లేదా?" అని నిజంగానే కంగారుపడ్డాడు. నేను బయలుదేరే రోజు కాక నా పెట్టె బస్సు దాకా మోసుకొచ్చి, "నువ్వు పో. పత్రిక నేను జూసుకుంట" అన్నాడు. ఆ మాటకు నాకు ధైర్యం రాలేదు సరికదా, ఉన్నది కాస్తా పోయింది.

సర్పంచ్ గారింట్లో ముందు గదిలో నేను, అమ్మ, ఎదురుగా ఆయన. ఉప్మా పెట్టారు. తినకముందే ఒక నోటుబుక్కు, ఒక పెన్ను నా ముందుకు జరిపి, "నాలుగు ముక్కలు రాయి, సూస్తం" అన్నారు. చల్లగా అన్నారు. పెన్ను పట్టుకున్నాను కానీ ఎలా రాయాలో తోచలేదు. బాగా రాస్తే పత్రిక రాత. చెడగొట్టి రాస్తే బయోడేటా నాది కాదు. అమ్మ నా వంక చూస్తోంది, రాయరా, అందులో ఏముంది అన్నట్టు. తలుపు వెనక గాజులు కదిలాయి. అబద్ధంగా రాయడం కన్నా నేనేనని ఒప్పుకుని లేచిపోవడం నయమనిపించి నోరు తెరిచేలోగా బల్ల మీద ఆయన ఫోను టింగుమంది.

ఆయన చూశారు. కళ్ళజోడు పెట్టుకుని మళ్ళీ చూశారు. శుక్రవారం కదా, బామ్మర్ది పంపిన ఫొటో. "నిలదీత". పైన ఆ రోజు తేదీ. నా రాత. నేనేమో ఆయన ఎదురుగా, చేతిలో పెన్ను మూత కూడా తీయకుండా కూర్చున్నాను. ఆయన పైకి చదవడం మొదలుపెట్టారు. "ఖండన. మన సర్పంచ్ తన బిడ్డను మా రూముల ఉండే ఒక పిలగానికి ఇయ్యబోతున్నట్టు తెలిసింది. ఈ పిలగాడు పప్పు మాడగొడతడు. తిన్న గిన్నె నానబెట్టి మర్సిపోతడు. ఫోర్‌మన్ కేకేస్తే ఎవల్ని పిలిచిండో తెల్వకుంటనే ఉరుకుతడు. మనసుల మాట మూడు దినాలకు గాని బైట వెట్టడు. ఇసొంటోన్ని అల్లున్ని జేసుకునేటోడు ఊరినేం ఏలుతడు? ఈ సంబంధాన్ని ప్రతిపక్షం ఒప్పుకోదు." అంతా నిజమే. ఒక్క ముక్క కూడా ఖండించడానికి లేదు. సర్పంచ్ గారు కళ్ళజోడు తీసి, నన్ను కింది నుంచి పై దాకా కొత్తగా చూసి, అమ్మ వైపు తిరిగి, "వాడు వద్దంటుండంటే ఇది మంచి సంబంధమేనమ్మా" అన్నారు. నోటుబుక్కు మూసి ఉప్మా తినమన్నారు. తర్వాత మమ్మల్నిద్దరినీ మాట్లాడుకోమని వదిలితే, ఆ అమ్మాయి అడిగిన మొదటి మాట, "పప్పు నిజంగనే మాడగొడతవా?" అని.

ఆ ఫొటోను తర్వాత నా ఫోన్లో పెద్దది చేసి చూశాను. దూరం నుంచి చూస్తే నా రాతే. దగ్గరగా చూస్తే ప్రతి అక్షరం ఒకే ఎత్తు, ఒకే వెడల్పు, వరస కింద చెరిపేసిన పెన్సిలు గీత. కొలిచి, గుర్తుపెట్టి, కోసి బిగించినట్టుంది, కార్పెంటరు కదా. లీవు నుంచి తిరిగొచ్చాక సర్కారు చెప్పాడు. "నువ్వు పోకముందు సంది, నువ్వు నిద్రవోయినంక గదే పని తమ్మీ. పాత సంచికలు కింద వెట్టి, మీద పల్సటి కాయితం వెట్టి దిద్దుడే. నేనైతే ఊర్ల ఏదో పెద్ద కేసు వేస్తాండనుకున్న." నలభై ఏళ్ళ మనిషి, పగలంతా సుత్తి కొట్టిన చేత్తో, నా కోసం మళ్ళీ అక్షరాలు దిద్దాడు. నాకు దుఃఖమొచ్చింది. ఆ మాట కాకతో అనబోతే, "పో పోరడా. ఇగ నీతోని పన్లేదు, నాకు రాసుడొచ్చింది" అని నా ఉద్యోగం ఊడబెరికాడు. మాడిన పప్పు సంగతి మాత్రం రాయకుండా ఉండాల్సిందన్నాను. "పత్రికన్నంక ఒక్కటన్న నిజముండాలె" అన్నాడు.

కాక ఊరికి వెళ్ళిపోయి చాలా ఏళ్ళైంది. ఇంకో రెండుసార్లు నిలబడ్డాడు, ఇంకో రెండుసార్లు ఓడాడు. మామ ఇప్పటికీ సర్పంచే, కాక ఇప్పటికీ ప్రతిపక్షమే, "నిలదీత" ఇప్పుడు చాయ్ హోటల్ గోడకు అంటుకుంటోంది. (నా ఓటు పక్క ఊళ్ళో ఉండబట్టి బతికిపోయాను.) మేము రిఫాలో రెండు గదుల ఫ్లాటులో ఉంటున్నాం. మొన్న శుక్రవారం కాక నుంచి ఫోన్లో ఒక ఫొటో వచ్చింది, కింద ఒకే వాక్యం. "మీ మామ మీద రాసిన. తప్పులుంటే దిద్దు." నేను బాల్కనీలోకి పోయి, తలుపు దగ్గరగా వేసి, బట్టల వెనక నిలబడి దిద్దుతున్నాను. వెనక నుంచి చేయి వచ్చి ఫోను లాక్కుంది. మా ఆవిడ మొత్తం చదివింది, ఆ పాత ఫొటోలోని చూపుతోనే. "మా నాయిన మీదనే?" అంది. ఇంకోసారి చదివి ఫోను తిరిగి ఇస్తూ, "బడిల ఆడపిల్లల బాత్రూముకు తలుపు లేక రెండేండ్లాయె. అది ఇడిసిపెట్టిండు మీ కాక. రాయమను" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

రాశాను. మార్కరుతో కాదు, ఫోన్లో అచ్చు కొట్టి. కాసేపటికి కాక జవాబు వచ్చింది, "తలుపు ముచ్చట మంచిగుంది. ఎవలు జెప్పిన్రు?" అని. చెప్పినవాళ్ళ పేరు వేయొద్దు కాకా అని పంపాను. ఇరవై నాలుగేళ్ళ ఆ సబ్ ఎడిటర్ కంటే ఇన్నేళ్ళలో నేను అదనంగా నేర్చుకున్న జాగ్రత్త అదొక్కటే. లోపల పొయ్యి మీద పప్పు మాడుతున్న వాసన వస్తే, ఈసారి అది నా చేతి వంట కాదు కదా అని, నవ్వుకుంటూ అక్కడే నిలబడ్డాను.