తోడేలును మోసిన కట్టె

మా మరిది సభకు కట్టె తెచ్చాడు. వెదురు కట్టె. ఇన్నేళ్లూ ఇంటి వాసాల మధ్య దోపి ఉండేది. దానికి తోడేలును కట్టి మోసిన రోజున ఆయనకింకా పెండ్లి కాలేదు. ఇప్పుడు మనవలున్నారు. మా ఊళ్లో ఇంకా గొర్రెలు కాసేది ఆయనొక్కడే.

సభ పెట్టింది అడవి శాఖ వాళ్లు, పంచాయతీ ఆఫీసు ముందర. మా గుట్టల్లోకి తోడేళ్లను మళ్లీ తెచ్చి వదలాలనుకుంటున్నారట, ఊరు ఒప్పుకోవాలట. వచ్చిన సారు నెమ్మదస్తుడు. తోడేళ్లు పోయాకే అడవిపందులు పెరిగాయని, పందిపిల్లలను తిని వాటిని అదుపులో పెట్టేవి అవేనని చెప్పాడు. పందుల మాట వచ్చేసరికి మక్కజొన్న వేసినవాళ్లంతా తలలూపారు.

మా మరిది లేచాడు.

"సారూ, మీరు చదివిన్రు, మేం చూసినం. ఒక్క చలికాలంల మా మందల పదకొండు గొర్రెపిల్లలను ఎత్కపోయింది తోడేలు. గీ కట్టెకే కట్టి మోసినం దాన్ని. మా వదినెను అడుగున్రి. బొక్క కనిపెట్టిందే ఆమె."

అందరూ నా వైపు తిరిగారు.

తోడేలు ఉండే బొక్క కనిపెట్టింది నేనే. చీపురు కోయడానికి గుట్ట ఎక్కినప్పుడు బండ కింద చూశాను. ఇంటికొచ్చి మా ఆయనకు చెప్పాను. పిల్లలు పోతున్నాయి, తోడేలు ఉంది, ఇంకేం ఆలోచించాలి? ఆయన, మరిది కలిసి బొక్కకు కంప అడ్డం పెట్టి మిరపకాయల పొగ వేశారు. తల్లి బయటకు దూకింది, కొట్టి చంపారు. కూనలు లోపలే పోయాయి. ఎన్ని ఉన్నాయో నేను చూడలేదు.

తోడేలును చంపితే కట్టెకు వేలాడదీసి మంద మందకూ తిప్పడం మా దిక్కు ఆనవాయితీ. ప్రతి మందవాళ్లూ జొన్నలో ఉన్నో పెట్టాలి. ఎన్నో ఊళ్లు తిరిగాం. ముందు మా కుక్క నడిచింది, దాని మెడకు పసుపు గుడ్డ. ఆ ఉన్నితో నేయించిన గొంగడి మా ఆయన పోయేదాకా కప్పుకున్నాడు.

నెల తిరగలేదు, మళ్లీ పిల్ల పోయింది. ఇంకోటి పోయింది. ఒక పొద్దున దొడ్డి వెనక మా కుక్కే పిల్లను చీల్చుకొని తింటుంటే చూశాను. పసుపు గుడ్డ ఇంకా మెడకే ఉంది. మా ఆయనకు చెబితే ఒకే మాట అన్నాడు: "జొన్నలు తిన్నం. నోరు మూస్కో." కుక్కను గుట్టకు తీసుకుపోయి ఒక్కడే తిరిగొచ్చాడు. చిరుత ఎత్తుకుపోయిందని తమ్ముడికి చెప్పాడు. మరిది ఆ కుక్క కోసం రెండు రోజులు అన్నం తినలేదు. ఆ తర్వాత పిల్ల పోలేదు. తోడేలు కూడా మా గుట్టల్లో కనబడలేదు.

సభలో ఇదంతా చెప్పాను. చెప్పాలని ఇంట్లో అనుకొని రాలేదు. కట్టెను చూశాక ఆగలేకపోయాను.

వెనక నుంచి ఒక ముసలాయన అందుకున్నాడు. "మా బాపు గంపెడు జొన్నలు పెట్టిండు గద మీకు. గిప్పుడు అరిగినయా?" అందరూ నవ్వారు. మా మరిది నవ్వలేదు.

"అన్న అబద్ధమాడిండని పదిమందిల అంటున్నవా, వదినె?"

"ఇద్దరం ఆడినం."

"రేపు గవి నా మంద మీద వడితే?"

మా మరిది కట్టెను గోడకు ఆనించి వెళ్లిపోయాడు.

అడవి శాఖ వాళ్లు తీర్మానం రాసి, సంతకం పెట్టమని మొదట నాకే ఇచ్చారు. నాకు చదువు యాభై దాటాక వచ్చింది, వేలు పెట్టి చదువుతాను, ఆలస్యమవుతుంది. సారు ఓపిగ్గా నిలబడ్డాడు. అందులో ఇలా ఉంది: ఊరి పెద్దల అనుభవంలో తోడేళ్ల వల్ల మందలకు నష్టం లేదు.

నేను ఆ మాట అనలేదు. తోడేలు గొర్రెను తినదని ఏ గొర్రెలకాపరి అంటాడు? ఆ తోడేలు ఆ పిల్లలను తినలేదన్నాను, అంతే. మా మరిది పరువు తీసి నేను చెప్పిన నిజాన్ని వీళ్లు ఆయన మంద మీదికి తోలుతున్నారు. పెన్ను అడిగి ఆ వాక్యం కొట్టేశాను. కింద రాశాను: "మా పిల్లలను తిన్నది మా కుక్క. వచ్చే తోడేళ్ల సంగతి నాకు తెలియదు. గొర్రెలున్న మనిషిని అడగండి." సంతకం పెట్టాను. సారు ముఖం చిన్నబోయింది. మక్క వేసినవాళ్లు చెడగొట్టానని తిట్టారు.

తోడేళ్లు వస్తాయో రావో ఇంకా తేలలేదు. కట్టెను నేనే ఇంటికి తెచ్చాను, తలుపు వెనక ఉంది. మరిది మంద రోజూ మా ఇంటి ముందు నుంచే పోతుంది. ఇదివరకు ఆగి నీళ్లు అడిగేవాడు. ఇప్పుడు బాటకు అవతలి పక్క నుంచి తోలుకుపోతున్నాడు. కట్టె కోసం రాలేదు. తీసుకుపోయి ఇవ్వాలంటే నాకు చేతులు రావడం లేదు.