ఏకాహం నాడు మైకులో వినిపించిన గొంతు

దయ్యాలను నేను నమ్మను. చిన్నప్పటి నుంచీ అంతే. మా నాన్న పొద్దున్నే రామాయణం చదివి అర్థం చెప్పాకే ఇంట్లో ఎవరికైనా అన్నం. రామనామం పలికే నోటికి దయ్యం మాటెందుకు అనేవాడు. నా పిల్లలకు నేనూ అదే చెప్పాను. చింతచెట్టు కింద ఏదో కనపడిందని ఎవరైనా అంటే, ముందు వాళ్ళు తాగి ఉన్నారేమో కనుక్కుంటాను.

కానీ ఒకటి మాత్రం పట్టపగలు, ఊరు వింటుండగా జరిగింది.

మాది అశ్వారావుపేట దాటాక అడవి అంచున ఉన్న ఊరు. తొంభైలు మొదలైన రోజులు. అడవి గూడేల్లో పండక్కో పబ్బానికో ఇప్పసారా దించుకోవడం ఎప్పటి నుంచో ఉంది. మా ఊరిని తిన్నది అది కాదు, పాకెట్ సారా. రోడ్డు పక్క కొట్టులో తెల్లవారకముందే మొదలయ్యేది.

మా ఆయన పేరు కొండలు. మా పెళ్ళి నాటికి చుట్టుపక్కల ఊళ్ళ భజనల్లో ఆయనదే మొదటి గొంతు. ఆయన పాట ఎత్తుకుంటే చేలల్లో ఉన్నవాళ్ళు నడుము పైకెత్తి నిలబడేవారు. సారా ముందు ఆ గొంతునే తిన్నది. బొంగురుపోయింది. తర్వాత కాళ్ళు వాచాయి, కళ్ళు పచ్చబడ్డాయి. ఖమ్మంలో డాక్టరు నన్ను పక్కకు పిలిచి, లివర్ చెడిపోయింది, ఇంకొక్కసారి తాగితే మనిషి దక్కడమ్మా అన్నాడు. ఆ దీపావళికి మా ఆయన రాముడి పటం ముందు ఒట్టు పెట్టుకుని మానేశాడు. ఒళ్ళంతా వణుకు, కంటికి నిద్ర ఉండేది కాదు. అన్నీ ఓర్చుకున్నాడు. గొంతు మాత్రం తిరిగి రాలేదు.

శ్రీరామనవమి ముందు మా రామాలయంలో ఏకాహం చేస్తారు. ఒక పగలూ ఒక రాత్రీ రామనామం తెగకుండా పాడాలి. మగవాళ్ళు జట్లుగా వంతులు వేసుకుంటారు. వచ్చే జట్టు పాడుతూనే లోపలికి వచ్చి, తాళాలు అందుకున్నాకే ముందు జట్టు లేవాలి. ఆడవాళ్ళం పానకం, వడపప్పు చేసి పెట్టడం వరకే. తాళం ముట్టేది లేదు.

ఆ ఏడు ఇంకో సంగతి కూడా ఉంది. ఏకాహం ముగిశాక హారతి మీద చెయ్యి పెట్టి, ఊళ్ళో సారా కొట్టు ఎత్తేయిస్తామని ఆడవాళ్ళందరం ఒట్టు వేయాలనుకున్నాం. నామం మధ్యలో తెగితే ఆ ఒట్టు చెల్లదు. అది కొట్టు నడిపేవాడికీ తెలుసు.

మధ్యాహ్నం వంతు మా ఆయన జట్టుది. నేను పానకం బిందెతో మండపానికి వెళ్ళేసరికి వాళ్ళు రాలేదు. పొద్దుటి జట్టులో ఉన్నవాళ్ళంతా ముసలివాళ్ళు. ఒక్కొక్కరి గొంతే పడిపోయి, చివరికి ముత్తయ్య తాత ఒక్కడు మిగిలాడు. దగ్గుకూ దగ్గుకూ మధ్య నామం పలుకుతున్నాడు.

అప్పుడే నీళ్ళకు పోయి వచ్చిన మా తోటికోడలు లచ్చమ్మ నా చెవిలో చెప్పింది. "అక్కా, మన మగోళ్లంతా కొట్టు కాడ కూసున్నరు. ఆ కొట్టోనికేం పుట్టిందో, అందరికీ ఉత్తగనే పోస్తుండు. బావ గూడ ఆడనే ఉన్నడు."

పరిగెత్తి వెళ్తే ఆయన్ను చొక్కా పట్టుకుని లాక్కురావచ్చు. కానీ నేను మెట్లు దిగేలోపు ఇక్కడ నామం ఆగిపోతుంది. తాత నావైపే చూస్తున్నాడు. పలుకు ఆపకుండానే తాళాలు నా ముందుకు చాపాడు.

వెనక నుంచి ఎవరో అన్నారు, "ఆడమనిషి తాళం పట్టుడేంది?"

లచ్చమ్మ ఊరుకోలేదు. "మగోళ్లు పాకెట్లు పట్టిండ్రు గద! నువ్వు నోర్మూస్కొని చప్పట్లన్న కొట్టు."

మా ఆయన్ను రాముడికి వదిలేసి కూర్చున్నాను. నాన్న నేర్పిన వరుసలో నామం ఎత్తుకున్నాను. మైకు నా ముందే ఉంది. అశ్వారావుపేట నుంచి వచ్చిన యాకూబ్ మైకుసెట్టును బ్యాటరీ మీద నడిపిస్తున్నాడు. హార్న్ రోడ్డు వైపు తిప్పి వేపచెట్టుకు కట్టి ఉంది. మండపంలో ఉన్న ప్రతి ఒక్కరూ విన్నది నా గొంతే. సన్నగా, మొదట్లో వణుకుతూ.

కొట్టు దగ్గర జరిగింది మా ఆయనా, ఆయన జట్టులోని సైదులూ చెప్పిన మాట. మా ఆయన అసలు జట్టును పిలుచుకు రావడానికే వెళ్ళాడట. వాళ్ళు లేవకపోగా ఆయన్నే కూర్చోబెట్టారు. కొట్టువాడు, "పాడెటోళ్లు గొంతు తడుపుకోవద్దా కొండలన్నా? నువ్వు మానేసినవు గాబట్టే నీ గొంతు గట్లయింది" అని పాకెట్ చేతిలో పెట్టాడట. ఆయన మూల కొరికి నోటి దగ్గర పెట్టుకున్నాడు.

అప్పుడు మైకులో పాట మొదలైంది.

సైదులు పగలబడి నవ్వాడట. "కొండలూ, నువ్వీడుంటే ఆడ పాడేదెవడ్రా?"

అది మా ఆయన గొంతు. బొంగురు గొంతు కాదు, మా పెళ్ళి నాటి గొంతు. ఆయన పాకెట్ కింద పడేసి, నోట్లో పడ్డది ఉమ్మేసి, చెప్పులు కూడా అక్కడే వదిలేసి వచ్చాడు. మండపం మెట్ల మీద నిలబడి నన్ను చూశాడు. మైకును చూశాడు. మళ్ళీ నన్ను చూశాడు. కళ్ళు తుడుచుకుని నా పక్కన కూర్చుని నామం అందుకున్నాడు. ఏకాహం తెగలేదు.

ఆ సారాలో స్పిరిట్ కలిపారని తర్వాత తెలిసింది. సాయంత్రానికి తాగినవాళ్ళకు వాంతులు పట్టుకున్నాయి. ట్రాక్టర్ మీద భద్రాచలం దవాఖానాకు తీసుకెళ్ళారు. ఒకరు తిరిగి రాలేదు. సైదులుకు చూపు పోయింది.

ఆ తెల్లవారి హారతి మీద చెయ్యి పెట్టని ఆడది మా ఊళ్ళో లేదు. కేసు నడిచింది. కొట్టువాడు బెయిల్ మీద బయటికొచ్చి ఇళ్ళ ముందు నిలబడి బెదిరించాడు. ఒక్కరం కూడా సాక్ష్యం మార్చలేదు. సంతకం రాని లచ్చమ్మ కోర్టులో లాయరు ఎన్ని వైపుల నుంచి అడిగినా తడబడలేదు. వాడికి శిక్ష పడింది. కొట్టు మళ్ళీ తెరుచుకోలేదు. ఈ మాట ఎక్కడ చెప్పినా నేను తల ఎత్తే చెబుతాను.

గొంతు సంగతి మాత్రం తేలలేదు. యాకూబ్‌ను ఎన్నోసార్లు అడిగాను. "టేపు లేదక్కా. సినిమా రికార్డులు తెచ్చిన గని అవి పెట్టెలనే ఉన్నయి. పాడింది నువ్వే" అన్నాడు. మా ఆయన పాటను ఎవరూ ఎన్నడూ టేపు చేయలేదు. తాగినవాళ్ళకు అలా వినిపించిందనుకుందామంటే, మా ఆయన మింగనే లేదు. పైగా ఆ మధ్యాహ్నం అడవి అంచున ఇప్పపూలు ఏరుకుంటూ మైకు విన్న గూడెం కన్నమ్మ మర్నాడు మా ఇంటికొచ్చి, "మీ ఆయనకు గొంతొచ్చింది గద, ఏం మందు తిన్నడు?" అని అడిగింది. ఆమెకు కొట్టు సంగతి అప్పటికి తెలియదు.

రాముడే పాడాడని మా భజన సమాజంలో అంటారు. అలా అనుకుంటే నాకంటే సంతోషించేవాళ్ళు ఉండరు. కానీ మనకు తెలియని ప్రతిదానికీ దేవుడి పేరు పెట్టొద్దని నాన్న నేర్పాడు. నా నోటి నుంచి వెళ్ళింది అక్కడ ఆయన గొంతుగా ఎలా చేరిందో నాకు ఇవాళ్టికీ తెలియదు.

మా ఆయన మళ్ళీ చుక్క ముట్టలేదు. బొంగురు గొంతుతోనే పాడతాడు. ఏటా మధ్యాహ్నం వంతు మా ఇద్దరిదీ. తాళాలు నావి. సైదులును చెయ్యి పట్టుకుని తెచ్చి, హార్న్ కట్టిన వేపచెట్టు కింద కూర్చోబెడతాం. నేను లోపలికి వెళ్ళే ముందు ప్రతి ఏడూ అడుగుతాడు.

"వదినా, ఇయ్యాల ఎత్తుకునేది నువ్వా, కొండలా?"

నేనే అంటాను. సైదులు తల ఊపి, హార్న్ వైపు చెవి పెట్టి కూర్చుంటాడు.