పసుపు రాసిన ఎముకలు

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో నేను సత్తెనపల్లిలో డిగ్రీ చదివాను. మా జువాలజీ లాబ్‌లో ఉన్నదల్లా ఒక కప్ప అస్థిపంజరం, దానికీ ఒక కాలు లేదు. పరీక్షలో మాత్రం ఎముకను చేత్తో పట్టుకుని, అది ఏ జంతువుదో, ఏ పనికి తగ్గట్టు అట్లా ఉందో చెప్పాలి. పరీక్ష వారంలోకి వచ్చింది. సరే, ఎముకలు నేనే తెచ్చుకుంటానని పంతం పట్టాను.

ఆదివారం కూరలోని కోడి రెక్క, మాంసం కొట్టులో అడిగి తెచ్చిన మేక కాలు, చేను గట్టున దొరికిన ఇంకో కాలు. అన్నీ ఉడకబెట్టి, గీకి, మా మిరప కల్లం మూలన ఎండబెట్టాను. కలిసిపోకుండా కోడివాటికి పసుపు రాశాను, మేకవాటికి కుంకుమ బొట్లు పెట్టాను. ఎంత తెలివో చూడండి.

తెల్లారి రంగు పోయిన తాలుకాయలు ఏరడానికి వచ్చిన ఆడకూలీల ముఠా కల్లం బయటే ఆగిపోయింది. ఎవరో చేతబడి చేశారు, లోపల అడుగు పెట్టం అన్నారు. పైన మబ్బు పట్టింది. కాయలు తడిస్తే ఏడాది కష్టం బూజు పట్టిపోతుంది.

"అవి తీసుకెళ్ళి కాలవలో పారెయ్. చదువూ లేదు, గిదువూ లేదు" అన్నాడు మా నాన్న.

"పారెయ్యను నాన్నా. తప్పు నేను చేశాను, నేనే సర్దుకుంటాను" అన్నాను. అక్కణ్ణించి కదల్లేదు.

ముఠాకు పెద్ద ఒక ముసలావిడ. ఆవిడ ముందు గోనెపట్టా పరిచి ఎముకలన్నీ పెట్టాను. కోడి రెక్క ఎముక విరిచి, "చూడు మామ్మా, లోపల డొల్ల. ఎగరాలంటే తేలిగ్గా ఉండాలిగా" అన్నాను. బొట్లున్న కాళ్ళు రెండూ తీసి, "ఇవి మేకవి" అన్నాను.

ఆవిడ రెండోదాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇది మేకదెట్టా అయిద్దమ్మాయీ? మేకకి గిట్టల పైన ఒకటే ఎముక. దీనికి నాలుగున్నయ్. కుక్కది. కుక్కక్కూడా బొట్టు పెట్టావా?"

ముఠా అంతా పగలబడి నవ్వింది. నాకు తల కొట్టేసినట్టయింది. అయినా అక్కడే కూర్చుని లాబ్ రికార్డులో మేక అని రాసుకున్నది కొట్టేసి, కుక్క అని దిద్దుకున్నాను.

ఆవిడ మాత్రం నవ్వలేదు. కుడిచెయ్యి నా ముందు చాపింది. బొటనవేలి మొదట్లో ఎముక బొడిపెలా లేచి, వేలు లోపలికి వంగిపోయి ఉంది.

"మరి దీన్ని చూసి నేనేం పని చేశానో చెప్పు."

ఆ చెయ్యి పట్టుకుని చాలాసేపు చూశాను. "బతుకంతా కాయలకు తొడిమలు తీశావు మామ్మా" అన్నాను. నాకు ఏడుపొచ్చింది.

ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుని కొంగు నడుముకు దోపుకుంది. "రండే, వానొచ్చేట్టుంది" అని అందరికంటే ముందు కల్లంలోకి నడిచి, ఆ చేత్తోనే కాయలు ఏరడం మొదలుపెట్టింది.