పండుగప్పకి జంధ్యం నూలు

చేపని చేత్తో ముట్టని వంశంలో పుట్టి, చేపలు పట్టే తాడు గురించి ఆఫీసులో నిలబడి ఉపన్యాసం ఇచ్చినవాణ్ణి నేను. నన్నెవరూ అడగలేదు. అడక్కుండానే ఇచ్చాను. నా నోరు మంచిదో చెడ్డదో ఇన్నేళ్ళయినా తేలలేదు గాని, అది ఊరుకోదని మాత్రం మా ఇంట్లో అందరికీ తెలుసు.

పంతొమ్మిదివందల ముప్పైల నాటి మాట. ఏలూరులో కాలవల ఆఫీసులో నేను టెంపరరీ గుమాస్తాని. పెళ్ళయింది గాని కాపురం లేదు. మా మామగారు తాడేపల్లిగూడెంలో స్కూలు మేష్టారు, చాలా మెత్తని మనిషి. "ఉద్యోగం ఖాయం కానివ్వండి అల్లుడుగారూ, అమ్మాయిని పంపుతాం" అని పండక్కి వెళ్ళినప్పుడల్లా మెత్తగా చెప్పేవారు. గట్టిగా అంటే గట్టిగా జవాబు చెప్పొచ్చు. మెత్తగా అన్నవాళ్ళతో ఏం వాదిస్తాం? నేను పూటకూళ్ళింట్లో నీళ్ళచారు పోసుకుంటూ, ఎప్పుడు ఖాయమవుతానా అని రోజులు వెళ్ళదీస్తున్నాను.

నన్ను ఖాయం చెయ్యవలసిన మా అధికారికి లోకంలో ఒకటే పిచ్చి, పండుగప్ప. సముద్రం నుంచి ఉప్పుటేరు వెంట కొల్లేటిలోకి ఎక్కివచ్చే పెద్ద చేప అది. వలలో పడ్డది ఆయనకి పనికిరాదు. గాలానికే పడాలి, అదీ ఆయన గాలానికే పడాలి. అది పడేది, వెంటనే తాడు తెంపుకొని పోయేది. మద్రాసు నుంచి తెప్పించుకున్న సీమ పట్టుతాడు కూడా మా ఏలూరు చెమ్మకి చివికిపోయి, నీళ్ళలో పుటుక్కుమంది. ఆ మర్నాడు ఆయన కాగితాలన్నీ పక్కకి నెట్టి, పెద్ద చేపకి ఆగే తాడు ఏముందని హెడ్ గుమాస్తాని పిలిచి అడిగారు.

హెడ్ గుమాస్తా జనపనార అన్నారు. "గట్టిదేనండీ, కానీ బిరుసు. రీలు మీద చుట్టుకోదు" అని అధికారి కొట్టేశారు. బంట్రోతు గుర్రపు వెంట్రుకలన్నాడు. మన ఊరి జట్కా గుర్రాల తోకల్లో అన్ని వెంట్రుకలెక్కడున్నాయని అందరూ నవ్వారు. కందకి లేని దురద కత్తిపీటకెందుకని నేను కూడా నవ్వి ఊరుకోవలసింది. లేచాను.

"పట్టు తడిస్తే నీరసిస్తుందండీ. నూలు తడిస్తే బలపడుతుందండీ. మా ఇంట్లో రోజూ మడిబట్టలు తడిపి పిండుతాం, నాకు తెలుసండీ. మంచి పత్తి ఏరి, జంధ్యానికి వడికినట్టు వడికితే ఏ చేపా తెంపలేదండీ."

అధికారి కళ్ళజోడు తీశారు. "జంధ్యం అంత గట్టిదా పంతులూ?"

"మా వంశంలో ఎవరి జంధ్యమూ తెగలేదండీ."

అది నిజమే. ఎందుకు తెగుతుంది? తరతరాలుగా మావాళ్ళ జంధ్యాలు మోసిన బరువు భోషాణం తాళంచెవి. చేసిన ఘనకార్యం వీపు గోకడం. ఇంతటి అనుభవం చూసుకుని నేను ఉప్పుటేటి చేపతో పందేనికి దిగాను. "సరే, నువ్వే తయారుచెయ్యి. చేప ఒడ్డెక్కిందా, నీ సంగతి నేను చూసుకుంటాను" అన్నారాయన. నవ్వుతూనే అన్నారు. నేను మాత్రం దాన్ని శిలాశాసనంగా తీసుకున్నాను.

వడకడం నాకు చేతనవును. సాయంత్రాలు గదిలో కూర్చుని తకిలి తిప్పేవాణ్ణి. "ఈ నెల్లో ఒడుగులు చాలా ఉన్నట్టున్నాయే బాబూ" అంది పూటకూళ్ళమ్మ. ఉన్నాయండీ అన్నాను. పోగులు కలిపి పురిపెట్టి, చేంతాడుకి బదులు దాన్నే బొక్కెనకి కట్టి నూతిలోకి దింపాను. తాడు తెగలేదు. కానీ తడిసేసరికి పురి విప్పుకుంది, బొక్కెన గిర్రున తిరిగి, పట్టిన నీళ్ళన్నీ నూతికే ఇచ్చేసి ఖాళీగా పైకి వచ్చింది. పేనిన తాడు లాభం లేదు, అల్లిన తాడు కావాలని అప్పుడు తెలిసింది. అల్లడమంటే జడ అల్లడమే. నా పిలకకి ఎన్నడూ ఆ అవసరం రాలేదు. ఆదివారం నూలు కండెలు సంచీలో వేసుకుని తాడేపల్లిగూడెం రైలెక్కాను.

ఆఫీసుకి కావలసిన తాడని అత్తగారితో చెప్పాను. దొరతనం వారికి తాడు కావలసివస్తే అల్లుడు అత్తారింటికి పరుగెత్తుకురావడం ఆవిడకి వింతగానే తోచి ఉంటుంది. కానీ ఆ ఇంట్లో అల్లుణ్ణి ఎదురు ప్రశ్నించరు. వసారాలో చాప వేసి మా ఆవిడని పంపారు. ఒక కొస నేను పట్టుకోవాలి, రెండో వైపు ఆవిడ నాలుగు పాయలు తీసి అల్లాలి. అంతకుముందు పదిమంది మధ్యలో తప్ప మేం ఎదురెదురుగా కూర్చున్నది లేదు. తాడు పెరిగేకొద్దీ నేను వెనక్కి జరగాలి. జరగడం ఇష్టం లేక, అల్లినంత మేరా ఒళ్ళో చుట్ట చుట్టుకుంటూ అక్కడే కూర్చున్నాను.

"ఏవండీ, నిజంగా దేనికండీ ఇది?" అని తలెత్తకుండా అడిగింది.

అబద్ధం నాలిక చివరే ఉంది. నోట్లోంచి మాత్రం "చేపకి" అని వచ్చింది.

ఆవిడ చేతులు ఆగిపోయాయి. ఇక దాచి లాభం లేదని పండుగప్ప సంగతీ, అధికారి ఇచ్చిన మాటా అన్నీ చెప్పేశాను. "ఇది తెగకపోతే నువ్వు ఏలూరు వస్తావు" అన్నాను. సిగ్గుపడి లోపలికి పోతుందనుకున్నాను. పోలేదు. అల్లినదంతా విప్పేసి, "అయితే ఇంత వదులుగా అల్లితే ఎలాగండీ?" అని మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టింది, ఒక్కొక్క పాయకీ రెట్టింపు పోగులు వేసి. నాకు గుండె నిండిపోయింది. నేను ఎదురుచూస్తున్నట్టే ఆ పిల్ల కూడా ఎదురుచూస్తోందని అప్పటిదాకా నా బుర్రకి తట్టనేలేదు.

అల్లిక పూర్తయ్యాక, "దూడని కట్టి చూద్దామండీ" అంది. కట్టాం. దూడ లాగింది. తాడు చెక్కుచెదరలేదు. గుంజ ఊడి వచ్చింది. దూడ గుంజతో సహా తల్లి దగ్గరికి పోయి పొదుగు ఖాళీ చేసేసింది. ఆ సాయంత్రం ఆ ఇంటిల్లిపాదీ పాలు లేని కాఫీ తాగారు. నేనొక్కణ్ణే ఆనందంగా తాగాను. తాడు తెగనప్పుడు ఇంకేదో ఊడుతుందన్న ఇంగితం నాకు అప్పుడైనా కలగలేదు.

ఏలూరు వచ్చి, తాడు కుళ్ళకుండా తుమ్మచెక్క కషాయంలో నానబెట్టి ఆరేశాను. ఒక సెలవురోజున అధికారి నన్ను కూడా ఉప్పుటేటికి రమ్మన్నారు. ఆకివీడు దాటాక దోనె ఎక్కాం. ఒక చివర గెడ వేసే అతను, మధ్యలో నేను, ముందు గాలంతో అధికారి. ఆయన ఎర గుచ్చుతున్నంతసేపూ నేను ఆకాశం చూశాను. ఆ తర్వాత తాడు రీలుకి చుట్టబోతే, సగానికే రీలు నిండిపోయింది.

"కాస్త లావైనట్టుంది పంతులూ."

"బలం కావాలంటే లావుండాలి కదండీ" అన్నాను.

మిగిలిన తాడు ఆయన ఎడంచేతికి చుట్టుకున్నారు. కాసేపటికి పండుగప్ప పట్టింది. కర్ర వంగింది, తాడు బిగిసింది, చేప ఒక్కసారి నీళ్ళపైకి లేచి తల విదిలించింది. ఎప్పుడూ తెగేది అక్కడే. తెగలేదు! ఆ క్షణంలో నేను చూస్తున్నది చేపని కాదు, ఏలూరు స్టేషన్లో సామానుతో దిగుతున్న మా ఆవిడని. ఇంతలో చేప దోనె కిందకి తిరిగింది. దోనె పక్కకి ఒరిగింది. అధికారి ఏట్లో పడ్డారు.

రీలు ఆగిపోయింది, తాడు ఆయన చేతిని బిగించేసింది, చేప లాగుతోంది. ఒకసారి తల కనిపించింది, ఇంకోసారి బూట్లు కనిపించాయి. "తాడు! తాడు!" అని ఆయన కేకలు. మనిషి పోతాడనుకున్నాను. చాకు కోసం వెతికితే లేదు. తాడు పట్టుకుని తెంపబోయాను. తెగితే కదా! నేను వడికిందీ ఆవిడ బిగించిందీ నా రెండు చేతులకీ లొంగలేదు. చివరికి దోనె అంచు మీద బోర్లా పడుకుని, ఆ తాడు నోట్లో పెట్టుకుని కొరికాను. తుమ్మచెక్క చేదు, బురద, చేప జిగురు, అన్నీ నాలిక మీదే ఉన్నాయి. స్వర్గంలో మా తాతలు మొహాలు తిప్పుకొని ఉంటారు. వెనక నుంచి గెడ వేసే అతను ఏదో అరుస్తున్నాడు గాని, పళ్ళ పని అయ్యేదాకా నా చెవులు పనిచెయ్యలేదు. పాయ తర్వాత పాయ తెగింది. చేప పోయింది.

అధికారి లేచి నిలబడ్డారు. నీళ్ళు ఆయన నడుం దాకా ఉన్నాయి.

"నడుంలోతేనండీ బాబూ! నిలబడమనండీ అని ఇందాకట్నుంచీ మొత్తుకుంటున్నానండీ!" అన్నాడు గెడ అతను.

అధికారి నెత్తి మీద నాచు తీసుకుని, చేతికి వేలాడుతున్న తాడు కొస చూసి, నా వైపు చూశారు. "నిలబడి లాగేవాణ్ణి కదయ్యా. ఇన్నాళ్ళూ చేపలు తెంపేవి. ఇవాళ నువ్వు తెంపావు" అన్నారు.

ఆ ఏడు ఖాయమైనవాళ్ళలో నేను లేను. చేపకీ దానికీ సంబంధం ఉందో లేదో నాకు తెలియదు. అడగడానికి మొహం చెల్లలేదు. తాడేపల్లిగూడెం వెళ్ళి మామగారి ముందు కూర్చున్నాను. నాకు ఏడుపు ఒక్కటే తక్కువ.

"ఈ ఏడూ కాలేదండీ" అన్నాను.

"ఎంచేతనండీ?" అన్నారు మెత్తగా.

తల వంచుకుని మొదటి నుంచి చివరిదాకా చెప్పేశాను. పిల్లలు పాఠం అప్పజెబుతుంటే విన్నట్టు ఆయన కళ్ళు మూసుకుని విన్నారు. కొరికాననేసరికి కళ్ళు తెరిచారు.

"పళ్ళతోనా?"

"అవునండీ."

"నోరు పుక్కిలించారా?"

"ఆ ఏటి నీళ్ళతోనేనండీ."

ఆయన ఉత్తరీయం సర్దుకున్నారు. "సరేనండీ. ఉద్యోగం ఖాయం కానివ్వండి, అమ్మాయిని..." అని మొదలుపెట్టారు.

తలుపు వెనక నుంచి మా ఆవిడ గొంతు వినిపించింది. "ఖాయమయ్యేదాకా ఆయన్ని అలా ఒంటరిగా వదిలేస్తే, ఇంకా ఏమేం కొరుకుతారో నాన్నగారూ."

లోపల అత్తగారు నవ్వు ఆపుకోలేక దగ్గారు. మామగారు నా వైపు చూశారు. తర్వాత తలుపు వైపు చూశారు.

"పంచాంగం ఇలా తీసుకురామ్మా" అన్నారు.

మా ఆవిడ నడిచి తేలేదు, పరుగెత్తుకొని తెచ్చింది.