మా ఆవిడ నోట నా పేరు

నాకు కుదురుగా కూర్చునే గుణం మొదట్నుంచీ లేదు. పెదపాడులో మా చేపల చెరువు గట్టు మీద రోజుకు పది చుట్లు తిరిగేవాణ్ణి. అలాంటివాణ్ణి వారానికి రెండుసార్లు ఏలూరులో స్పీచ్ థెరపీ గదిలో ప్లాస్టిక్ కుర్చీలో నోరు మూసుకుని కూర్చోమంటే ప్రాణం మీదకొచ్చేది. మా ఆవిడకి పక్షవాతం వచ్చింది. చెయ్యీ కాలూ కొన్నాళ్లకు సర్దుకున్నాయి గానీ మాట సర్దుకోలేదు. అన్నీ తెలుసు, పేర్లే దొరకవు. గరిటె చేత్తో పట్టుకుని "అది... అదే... కలిపేది" అంటుంది. నేను ఆగలేక "గరిటె!" అనేసేవాణ్ణి.

"మీరు అందించకండి బాబాయిగారూ, ఆవిణ్ణే వెతుక్కోనివ్వండి" అనేది థెరపిస్టు అమ్మాయి. బొమ్మ చూపించి, ఇది ఎక్కడుంటుంది, దేనికి పనికొస్తుంది అని అడిగేది. అప్పటికీ రాకపోతే మొదటి అక్షరం అందించేది. "తా..." అనగానే "తాళం" అనేది మా ఆవిడ. నిజం చెప్పొద్దూ, నాకది గారడీలా ఉండేది.

ఓ రోజు ఆ అమ్మాయి ఇంట్లోవాళ్ల ఫోటోలు తెమ్మంది. అబ్బాయి పేరు చెప్పింది మా ఆవిడ. కోడలి పేరు కాస్త తడుముకుని చెప్పింది. నా ఫోటో పెడితే తల దించుకుంది. ఆ అమ్మాయి నా పేరులో మొదటి అక్షరం అందించింది, రెండోదీ అందించింది. మా ఆవిడ పెదవులు బిగించుకుని కిటికీ వైపు తిరిగింది. కాగితం మీద నా ఫోటోకి సున్నా పడింది.

ఇంక నాకు కాలు నిలిస్తే ఒట్టు. కొడుకు గుర్తున్నాడు, కోడలు గుర్తుంది, నేనే పోయానా? ముప్పై ఎనిమిదేళ్ల కాపురం! పొద్దున కాఫీ దగ్గర, మధ్యాహ్నం అన్నం దగ్గర, "నేనెవర్ని? చెప్పు" అని వెంటపడ్డాను. ఒకసారి కసిరాను కూడా. కళ్లనీళ్లు పెట్టుకుంది కానీ నోరు విప్పలేదు.

కొల్లేటి లంకలో ఉండే మా అక్కయ్య చూడ్డానికి వచ్చింది. నా గోడంతా విని నుదురు కొట్టుకుంది. "నీ బుద్ధి గడ్డి తిందేవిట్రా? మొగుడి పేరు అదెన్నడన్నా పలికిందా? రేషను కార్డు రాయించుకునేప్పుడు కూడా నన్ను చెప్పమని సైగ చేసిందే! జబ్బు చేసిందని ఆ పట్టింపు పోతుందా?"

హమ్మయ్య అనుకున్నాను, నవ్వొచ్చింది. ఆ నవ్వు చెరువు గట్టు దాకా కూడా నిలవలేదు. పేరు సరే, మరి నన్ను పిలిచే పిలుపేదీ? ఏవండీ, పాలతను వచ్చాడు. ఏవండీ, అన్నం చల్లారిపోతోంది. రోజుకు వందసార్లు పిలిచేది, నేను విసుక్కుంటూ పలికేవాణ్ణి. జబ్బు చేసిన దగ్గర్నుంచి ఒక్కసారి వినలేదు. పేరు కోసం పీడిస్తూ, ఆ పిలుపు పోయిన సంగతే గమనించుకోలేదు. వెధవని.

సంగతి చెబితే థెరపిస్టు అమ్మాయి నాలుక కరుచుకుంది. "అయ్యో, నాకు తట్టలేదండీ. ఆ పిలుపుకి బొమ్మ చూపించలేం కదా. ఆవిడకి మీతో అవసరం పడాలి. అడక్కముందే మీరు పరిగెత్తుకెళ్తున్నారు. పిలిచేదాకా కదలకండి" అంది. కదలకండిట! నన్ను!

ఆదివారం పొద్దున వీధి అరుగు మీద కూర్చున్నాను. మేడ మీద ట్యాంకు నిండిపోయి నీళ్లు పెరట్లోకి దబదబా పడుతున్నాయి. మోటారు స్విచ్చి ఎత్తులో ఉంటుంది, ఆవిడకి అందదు. గుమ్మంలోకి వచ్చి నా వెనక నిలబడింది. "అది... నీళ్లు..." అంది. నేను అరుగు అంచు రెండు చేతులా పట్టుకున్నాను. గాజులతో తలుపు మీద కొట్టింది. తిరగలేదు. ఎదురింటాయన "నీళ్లు పోతున్నాయండీ!" అని కేకేశాడు. పోనీ, చెరువే అవనీ.

"ఏ..." అని ఆగింది. ఊపిరి పీల్చుకుంది.

"ఏవండీ!"

కోపంగా పిలిచింది, వెనకటిలాగే. లేవాలి, మోటారు కట్టెయ్యాలి. ఇంకొక్కసారి విందామని అరుగు అంచు వదల్లేదు. మళ్లీ పిలిచింది.