బుగ్గన్నను నిద్రపుచ్చిన మధ్యాహ్నం

పళ్ల డాక్టరు దగ్గరికి నవ్వుతూ వచ్చేవాళ్లుండరు. చెంప మీద చెయ్యి వేసుకుని, మెడ ఒక పక్కకు వాల్చి, మెట్లకు శాపనార్థాలు పెట్టుకుంటూ ఎక్కుతారు. అలా వచ్చినవాళ్లకు ముందుగా కనబడేవి రెండే: గోడవారన మూడడుగుల గాజుతొట్టె, దాని పక్కన స్టూలు మీద దూదక్క.

పంతొమ్మిదేళ్లుగా ఆమె ఆ క్లినిక్కులో డాక్టరుకు చేదోడు. పన్ను పీకగానే దూది ఉండ అందించి, "కొరికి పట్టుకోండి. అరగంట దాకా మాట్లాడకూడదు. మీకు కష్టమే, ఇంట్లోవాళ్లకు మాత్రం కాస్త తెరిపి" అంటుంది. అలా వచ్చిందే ఆ పేరు. తల్లిని చూసుకుంటూ పెళ్లి మాట పక్కన పెట్టింది, ఆ పక్కన పెట్టిందాన్ని మళ్లీ ఎవరూ తీయలేదు. తల్లి పోయి నాలుగేళ్లయింది.

తొట్టెలో ఒకటే చేప. నారింజ రంగు గోల్డ్ ఫిష్, తల మీద బుడిపెలు, రెండు పక్కలా ఉబ్బిన బుగ్గలు. ఏడేళ్ల కిందట ఐదింటిని తెస్తే ఇదొక్కటే నిలిచింది. వాచిన దవడతో కూర్చున్న ఒకాయన దాన్ని చూసి, "పాపం, వీడికి రెండు వైపులా పిప్పిపళ్లే!" అన్నాడు. ఆ రోజునుంచి అది బుగ్గన్న.

దూదక్క రోజూ డాక్టరు కంటే పావుగంట ముందు వచ్చేది. కిటికీ తెరిచి, చేతులు జోడించి, "ఇవాళ వచ్చేవాళ్ల నొప్పి నా చేతుల మీదుగా తగ్గించు తండ్రీ" అనుకునేది. ఆ తర్వాత తొట్టె ముందు కూర్చునేది. అప్పటికే బుగ్గన్న అద్దానికి ముక్కు ఆనించి తోక ఆడిస్తూ ఉండేవాడు. బస్సులో సీటిచ్చిన పిల్ల గురించీ, పై వాటా వాళ్లు తనకోసం పట్టి ఉంచిన బిందెడు నీళ్ల గురించీ వాడికి చెప్పేది. ముందురోజు సాయంత్రం ఇంటికి వెళ్లింది మొదలు వాడని గొంతు ఆమెకు అక్కడే విడేది.

ఆ నెల బుగ్గన్న లావెక్కాడు.

"అక్కా, నువ్వు మేపడం ఎక్కువైంది. వీడు పేషెంటయ్యేలా ఉన్నాడు" అన్నాడు డాక్టరు. ఆయన ఆమెకంటే పన్నెండేళ్లు చిన్న.

"అంతా నా చేతి చలవ. ఒక్క నా ఒంటికే పట్టదు" అని దూదక్క నవ్వింది. వచ్చినవాళ్లందరూ బుగ్గన్నను బొజ్జన్న అనసాగారు. ఆమె మేత సగానికి తగ్గించింది. చెంప వాపు చూసి ఏ పన్ను కింద చీము పట్టిందో చెప్పగల మనిషి, కళ్లెదుటి వాపును కొవ్వనుకుంది. అసలు వాడి పేరే వాపు మీద పెట్టిన పేరు కదా, కొత్త వాపు ఎవరి కంటికీ ఆనలేదు.

ఒక సోమవారం తలుపు తీస్తే బుగ్గన్న అద్దం దగ్గర లేడు. అడుగున రాళ్ల మీద ఒరిగి ఉన్నాడు. పైనుంచి చూస్తే, చలికి రోమాలు నిక్కినట్టు ఒంటి మీద పొలుసులన్నీ విడివిడిగా లేచి ఉన్నాయి.

పెంపుడు చేపలమ్మే షాపాయన కబురందగానే వచ్చాడు. దుకాణం సగంలో వదిలి వచ్చినట్టున్నాడు, చేతులింకా తడిగానే ఉన్నాయి. చాలాసేపు వంగి చూశాడు.

"ఎన్నాళ్లయిందమ్మా?"

"పొలుసులు లేచింది ఇవాళే. లావెక్కి నెల."

"అది లావు కాదమ్మా, నీరు. లోపల కిడ్నీలు పనిచేయడం లేదు. ఇంత దూరం వచ్చాక కోలుకున్న చేపను నేనైతే చూడలేదు."

"మందులేవీ లేవా?"

"ఉన్నాయి, ఇస్తాను. ఉప్పు నీళ్లలో విడిగా పెట్టండి. వారం చూడండి. తినడం మానేసి, పక్కకు పడి లేవలేకపోతే మాత్రం ఇంక లాగకండి." గొంతు తగ్గించాడు. "కొందరు బాత్రూములో వదిలి నీళ్లు కొట్టేస్తారు, కొందరు ఫ్రిజ్జులో గడ్డ కట్టిస్తారు. అలాంటివి చేయకండమ్మా, చాలాసేపు నరకం. లవంగ నూనె చాలు. గోరువెచ్చటి నీళ్లలో పాలలా తెల్లగా అయ్యేదాకా గిలక్కొట్టి, ముందు కాస్త పొయ్యండి. నిద్రపోతుంది. మత్తు బాగా పట్టాక మిగతాది. మొప్పలు ఆగినా తొందరపడి తీయకండి, ఇంకో అరగంట అలాగే ఉంచండి. నూనె ఎక్కడ దొరుకుతుందో చెప్పే పని లేదు, మీ గదంతా అదే వాసన."

దూదక్క అలమర వైపు చూసింది. గోధుమరంగు సీసా. పిప్పిపన్నుతో ఏడ్చుకుంటూ వచ్చినవాళ్లకు అదే నూనెలో దూది ముంచి పెట్టి, "ఇదిగో, తగ్గిపోతుంది" అని చెబుతోంది ఇన్నేళ్లుగా. ఆమె చీరలన్నీ ఆ వాసనే.

బుగ్గన్నను చిన్న టబ్బులోకి మార్చింది. ఉప్పు, మందు. పొద్దునా సాయంత్రం పక్కన కూర్చుని ప్రార్థన. బఠాణీ గింజ ఉడకబెట్టి, తొక్క తీసి, నలిపి నోటి దగ్గర పెట్టేది. ఐదో రోజున వాడు నోరు తెరిచి అందుకున్నాడు.

"డాక్టరుగారూ! తిన్నాడండీ!"

డాక్టరు ఒక పేషెంటు నోట్లో అద్దం పెట్టి ఉన్నాడు. ఆ పేషెంటు కూడా నోరు తెరిచే "ఆ! ఆ!" అని సంతోషించాడు. దూదక్క తిరిగొచ్చేసరికి బఠాణీ ముక్క నీళ్లలో తేలుతోంది. ఆ సంగతి ఆమె ఎవరితోనూ అనలేదు. ముక్కను వేలితో తీసి చెంగుకు తుడుచుకుంది.

చివరి నెలలో తల్లి కూడా అన్నం వద్దని పెదవులు బిగించేది. "నా కోసం, ఒక్క ముద్దమ్మా" అని తను బతిమాలేది. కూతురి కోసం ఆవిడ నోరు తెరిచేది. గంట తర్వాత చూస్తే ఆ ముద్ద అలాగే బుగ్గన ఉండేది.

బుగ్గన్న ఇప్పుడు పక్కకు పడి ఈదుతున్నాడు. ఈదడం అనకూడదేమో, ఒక రెక్క కొట్టుకుంటోందంతే. 'ఇంకొక్క రోజు' అనుకుంది. మర్నాడు కూడా అదే అనుకుంది. వాడు పోతే పొద్దున్నే ఆ పావుగంట ఏం చేయాలో ఆమెకు తెలియలేదు.

తొమ్మిదో రోజు బస్సు కండక్టరొకడు వచ్చాడు. దవడ కొబ్బరికాయంత అయింది. పన్నెండు రోజులుగా నొప్పి మాత్రలతో నెట్టుకొస్తున్నాడట.

దూదక్కకు మండింది. "పన్నెండు రోజులా? చదువుకున్నవాడివేనా నువ్వు? దేనికి నాయనా ఈ నరకం?"

"పీకేస్తారని భయమక్కా. ముందు పన్ను. నోరు బోసిపోతుందిగా."

"నోరు బోసిపోతుందని ఒళ్లంతా విషం చేసుకుంటావా? పోవాల్సినదాన్ని పట్టుకు వేలాడితే ఉన్నది సుఖపడుతుందా?"

కండక్టరు తలవంచి టబ్బులోకి చూశాడు. "ఇదేంటక్కా, దీనికీ భయమేనా పీకించుకోవాలంటే?" అన్నాడు, పాపం, నవ్వించడానికే.

దూదక్క అతన్ని లోపలికి తీసుకెళ్లింది. పన్ను పీకించి, దూది పెట్టి పంపింది. దూది పెట్టేటప్పుడు చెప్పే మాట ఆ రోజు చెప్పలేదు.

ఒంటిగంటకు డాక్టరు 'మూసి ఉంది' అన్న పలక తిప్పాడు. బుగ్గన్నను ఇవాళే నిద్రపుచ్చేద్దామని దూదక్క చెప్పగానే, "నేను చేస్తానక్కా, నువ్వు బయట కూర్చో" అని సీసా తీశాడు. పొద్దుటినుంచి ఆరు పళ్లు పీకిన చెయ్యి మూత తిప్పలేకపోయింది.

"మీరు ఫోను చూసుకోండి డాక్టరుగారూ. వాడికి నా చెయ్యి అలవాటు."

ఆయన ఫోను దగ్గర కూర్చుని, మోగిన ప్రతిసారీ రెండో గంట కొట్టకముందే ఎత్తి, "నాలుగింటికి రండి" అని గుసగుసగా చెప్పాడు.

దూదక్క నూనెను గిలక్కొట్టింది. 'తప్పయితే నా మీదే ఉంచు తండ్రీ. డాక్టరుగారి మీద వెయ్యకు, ఆయనకు చిన్న పిల్లలున్నారు' అనుకుంది. తెల్లటి నీళ్లు కొద్దికొద్దిగా అంచువెంట పోసింది. చెయ్యి నీళ్లలోనే ఉంచింది. బుగ్గన్న మొదట కాస్త కదిలాడు. తర్వాత అరచేతిలోకి ఒరిగాడు. ఇన్నాళ్లకు ఆ రెక్క కొట్టుకోవడం ఆగింది. మిగతాది పోసింది. మొప్ప ఒకసారి తెరుచుకుంది. చాలాసేపటికి మరోసారి. ఇక లేదు. అప్పుడు అరగంట. చెయ్యి తీయలేదు, మాట్లాడలేదు. తొట్టెలో గాలిబుడగల శబ్దం ఎంత పెద్దదో ఆమెకు అప్పుడే తెలిసింది.

వాణ్ణి కట్లు కట్టే గాజుగుడ్డలో చుట్టి కిందికి తీసుకెళ్లింది. మెట్ల పక్కన ఒక సిమెంటు కుండీ, అందులో గన్నేరు మొక్క. అక్కడ కూర్చుని తాళాలు బాగుచేసే పెద్దాయన ఆమె చేతిలోది చూశాడు. తన పెట్టె జరిపి, పెద్ద స్క్రూడ్రైవరుతో మట్టి తవ్వి, "లోతుగా తవ్వానమ్మా, పిల్లి తియ్యదు" అన్నాడు.

ఆ తర్వాతి రోజులు కష్టం. ఖాళీ తొట్టెను చూసి వచ్చినవాళ్లంతా, "బుగ్గన్నేడీ?" అనేవాళ్లు. "పోయాడు" అంటే సరిపోయేది. కానీ ఒకావిడ గుచ్చి అడిగింది, "ఎలా పోయాడు?" అని. దూదక్కకు అబద్ధం రాదు. "నేనే నిద్రపుచ్చానండీ" అంది. ఆవిడ బల్ల మీద కొంచెం అటు జరిగి కూర్చుంది. చాలా కొంచెమే. ఆ జానెడు చోటు దూదక్క కళ్లముందునుంచి చాలా రోజులు పోలేదు. తొందరపడ్డానా? వాణ్ణి చూడలేక, నా బాధ తీర్చుకోవడానికి చేశానా? పొద్దున కిటికీ దగ్గర చేతులు జోడించినా మాట వచ్చేది కాదు. పావుగంట ముందు రావడం మాత్రం మానలేదు. వచ్చి, కడిగిన గ్లాసులే మళ్లీ కడిగేది.

మూడో వారంలో ఎవరో ముసలాయన ఫోను చేశాడు. చేపల షాపాయన నంబరిచ్చాడట. "నేను రిటైరైన టైపిస్టునమ్మా. ఒక్కణ్ణే ఉంటాను. నా చేపకూ జబ్బు. నా వల్ల కావడం లేదు. మీరొచ్చి ఆ పని చేసిపెడతారా?"

ఆదివారం వెళ్లింది, చేతిసంచిలో గోధుమరంగు సీసాతో. రెండు గదుల ఇల్లు. బల్ల మీద గుండ్రటి గాజుపాత్ర, అందులో నల్లటి చేప. తోక చివర చివికిపోయి ఉంది, నీళ్లు మసకగా ఉన్నాయి.

"తింటోందాండీ?"

"తింటుంది. పాపం, నేను కుర్చీ జరిపితే చాలు, పైకొస్తుంది."

దూదక్క కుర్చీ జరిపింది. చేప నిజంగానే పైకొచ్చి నోరు తెరిచింది. ఒక గింజ వేస్తే మింగి, ఇంకోదానికి చూసింది. పొలుసులు నున్నగా ఒంటికి అంటుకుని ఉన్నాయి. ఆమె తొమ్మిది రోజుల పాటు పొద్దునా సాయంత్రం ఎదురుచూసింది ఆ ఒక్క మింగు కోసమే. ఒక్కసారీ రాలేదు. అదిప్పుడు కళ్లారా చూసింది.

"దీనికి వేళ కాలేదు బాబాయిగారూ. నీళ్లు మార్చి, విశాలంగా ఉండే తొట్టె చూడండి. తోకకు మందు షాపాయన ఇస్తాడు."

ఆయన కుర్చీలో కూలబడ్డాడు. "మరి వేళ అయితే నాకెలా తెలుస్తుందమ్మా?"

"తెలుస్తుంది. దానికోసం కాదు, మన కోసం దాన్ని ఆపుతున్నామని తెలుస్తుంది. నాకు తెలిసింది. తెలిసీ నాలుగు రోజులు ఆలస్యం చేశాను. తప్పంటే అదేనేమో."

ఆయన టీ పెట్టాడు. చక్కెర రెండుసార్లు వేశాడు. ఆమె ఏమీ అనకుండా తాగింది. ఇద్దరూ కలిసి నీళ్లు మార్చారు.

"మళ్లీ ఎప్పుడైనా వస్తారా?"

"పిలిస్తే వస్తాను."

సూర్యుడింకా ఉండగానే దూదక్క ఇల్లు చేరింది. తాళం తీసి, చెప్పులు విడిచి, వాడని సీసాను గూట్లో పెట్టింది. అన్నానికి ఎసరు పెట్టడానికి వంగి, ఆగి, తల్లి పోయినప్పటినుంచి ఎవరూ లేని ఆ గదిలో పైకే అంది:

"తింటోందమ్మా. ఆయన చేప తింటోంది."