పెద్ద మార్పు అంటే ఎంత?

జూలై, రెండో ఆదివారం. హాజరు: నేను, నా మేనకోడలు, యారాడ నుంచి వచ్చిన ఒకావిడ. స్థలం: గాజువాకలో మా ముందు గది.

మేనకోడలు రుషికొండలో ఉద్యోగం చేస్తూ, సెలవుల్లో మత్స్యకారుల కోసం గాలి, అలల వివరాలు చూపే ఫోన్ యాప్ నడుపుతోంది. ఓపెన్ సోర్స్. అంటే దాని కోడ్ ఎవరైనా చూసి, సరిచేసి పంపవచ్చు. అలా పంపేవాళ్ళకు నియమాలు తెలుగులో రాసిచ్చింది నేను. ఉక్కు కర్మాగారంలో ముప్పై ఏళ్ళు పని సూచనలు రాసినవాణ్ణి కదా అని ధీమా.

యారాడ ఆవిడది చేపల వేటకెళ్ళే కుటుంబం. కంప్యూటర్ పని నేర్చుకుంది. నెలరోజులు ఊళ్ళో పెద్దవాళ్ళను అడిగి, గాలులకు తమవాళ్ళు వాడే పేర్లు యాప్‌లో చేర్చి పంపింది. "పెద్ద మార్పులకు ముందుగా చర్చించాలి" అన్న నా నియమం చూపించి మేనకోడలు తిప్పి పంపింది. ఇక పంపనని ఆవిడ తేల్చేసింది. ఆ పేర్లు లేకపోతే వాళ్ళ ఊళ్ళో యాప్ తెరిచేవాళ్ళే ఉండరు. అందుకే బతిమాలి పిలిపించాం.

"పదకొండు మాటలు మార్సినాను బాబూ. అది పెద్దదేటి?" అంది రాగానే.

"మాటలు తక్కువే అక్కా. కానీ ప్రతి స్క్రీనూ మారిపోతుంది," అంది మేనకోడలు.

"ఆ ముక్క మీ నియమాల్లో రాసినారా? సర్చించాలట! ఎవులితో? గోడతోనా?"

మేనకోడలు నవ్వు ఆపుకోలేకపోయింది. నాకు నవ్వు రాలేదు. ఫ్యాక్టరీలో ఏ సూచన రాసినా కొత్తవాడి చేతికిచ్చి, నోరు మెదపకుండా పక్కన నిలబడేవాణ్ణి. వాడు ఆగినచోటల్లా తిరగరాసేవాణ్ణి. ఈసారి కుర్చీలో కూర్చుని రాసేసి, బాగుందని నాకు నేనే అనుకున్నాను.

నియమాల కాగితం ఆవిడ చేతిలో పెట్టి, ఒక్కో వాక్యం చదివి ఏం చేస్తారో చెప్పమన్నాను. రెండుసార్లు వివరించబోయాను. "ఉండు మావయ్యా," అని మేనకోడలు ఆపింది. కూర్చోలేక వరండాలోకీ లోపలికీ తిరిగాను. ఆవిడ ఏడుచోట్ల ఆగింది. సాయంత్రానికి పెద్ద మార్పుల నియమం ఇలా తయారైంది: "స్క్రీన్ మీద కనిపించేది ఏది మార్చాలన్నా, పని మొదలుపెట్టకముందే ప్రశ్నల పేజీలో ఒక్క వాక్యం రాయండి. రెండు రోజుల్లో జవాబిస్తాం."

"ఇత్తారా?" అందావిడ. పంపుతానని మాత్రం అనలేదు. బస్సెక్కి వెళ్ళిపోయింది.

మర్నాడు ఐదున్నర నుంచి ఆ పేజీ తెరిచి చూస్తూనే ఉన్నాను. ఎనిమిదింటికి వచ్చింది: "గాలుల పేర్లు మార్చాలి. సరేనా?" మేనకోడలు ఫోన్ ఎత్తలేదు. రెండు రోజుల గడువుంది, అయినా ఆగలేకపోయాను. "సరే, పంపండి" అని నేనే రాసేశాను. పది నిమిషాల్లో పదకొండు మాటలూ వచ్చేశాయి. జవాబు ఎవరివ్వాలో నియమాల్లో ఎక్కడా రాయలేదని అప్పుడు తట్టింది.